ప్రాజెక్టు బ్యాచ్‌లో పనంతా మీ మీదే పడుతుంటే

ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టులకు నేను గైడ్‌ని. నలుగురి బ్యాచ్‌లో కోడంతా ఒక్కరే రాస్తారు. మిగతావాళ్లు బైండింగ్ చేయించిన రిపోర్టు పట్టుకుని వైవాకు వస్తారు. ఆ ఒక్కరు ఎన్ని రాత్రులు మేల్కొన్నారో వైవాకు బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్‌కు తెలియదు. ఇది చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

అసలు చిక్కు పని పంపకంలోనే ఉంది. ‘నువ్వు కోడ్, నేను పీపీటీ, వాడు డాక్యుమెంటేషన్’ అని పంచుకోకండి. మాడ్యూళ్లుగా, అంటే విడివిడిగా పనిచేసే భాగాలుగా విడగొట్టండి. హాస్టల్ హాజరు యాప్ అనుకుంటే లాగిన్ ఒకరిది, హాజరు నమోదు ఒకరిది, నెలవారీ నివేదికలు ఒకరివి, వార్డెన్ పేజీ ఒకరిది. ఎవరి మాడ్యూల్‌కు కోడ్, టెస్టింగ్, రిపోర్టులో అధ్యాయం వారే రాయాలి.

ఎవరు ఏం చేశారో కనబడాలి. 1979లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త బిబ్ లటానే బృందం మనుషుల చేత చప్పట్లు కొట్టించి, అరిపించి చూసింది. గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరి చప్పుడు తగ్గింది. ఎవరి చప్పుడు ఎంతో విడిగా కొలుస్తున్నారని తెలిస్తే ఆ బద్ధకం పోతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. అందుకే గిట్‌హబ్‌లో (కోడ్ దాచి, ఎవరు ఏం మార్చారో చూపించే సైటు) ఎవరి ఖాతా నుంచి వారే కోడ్ పెట్టండి. అందరిదీ ఒకే ల్యాప్‌టాప్ నుంచి పెడితే ఆ మార్పుల చరిత్రలో ఒక్క పేరే మిగులుతుంది.

అయినా ఒకరు చేయకపోతే ముందు విడిగా మాట్లాడండి, గ్రూపులో అందరి ముందూ కాదు. పైథాన్ రాదని చెప్పుకోలేక తప్పించుకునేవాళ్లు చాలామంది. కొందరికి బ్యాక్‌లాగ్ పరీక్షలుంటాయి. ‘లాగిన్ పేజీ శుక్రవారానికి కావాలి, ఎక్కడ ఆగింది?’ అని అడగండి. ఒక పూట పక్కన కూర్చుని నేర్పండి. వాళ్ల పని మాత్రం మీరు చేసిపెట్టకండి. మార్కుల భయంతో బాగా చదివేవాళ్లే ఇక్కడ లొంగిపోతారు.

రెండో గడువూ దాటితే గైడ్ దగ్గరకు రండి, రెండో రివ్యూకు ముందే. ఎవరు ఏది ఒప్పుకున్నారో, ఏ తేదీకి ఏం వచ్చిందో ఒక కాగితం మీద రాసుకు రండి. వైవా ముందురోజు వస్తే మా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ముందే తెలిస్తే రివ్యూలో ఒక్కొక్కరినీ తమ ఫైలు తెరిచి వివరించమంటాను, మార్కులు విడివిడిగా వేస్తాను. ఆ రోజుకు ఒక మాడ్యూల్ ఖాళీగా ఉంటే ఖాళీగానే చూపించండి.