తొలిచూలు ఒంగోలు పెయ్యకు ఆబోతును ఎంచుకోవడం ఎలా?

పశు ప్రదర్శనలో బహుమతి కొట్టిన ఆబోతును చూస్తే మనవాళ్లకు చెయ్యి ఆగదు. ఇంట్లో తొలిచూలు పెయ్యకు దాన్నే కట్టించేస్తారు. తొమ్మిదిన్నర నెలలు పోయాక దూడ పెద్దదై ఈనేటప్పుడు ఇరుక్కుంటే, అర్ధరాత్రి పశువుల డాక్టర్ కోసం పరుగులు. కోనసీమలో ఏ ఊరు వెళ్లినా ఇదే టెన్షన్.

కావలసినవి ఒక నోటుపుస్తకం, కొక్కెం కాటా, గోనెసంచి. పెయ్యకు రెండున్నర, మూడేళ్లు ఉండాలి, బరువు 300 కిలోలకు దగ్గర పడాలి. ప్రదర్శన పేరు చెప్పి ఉలవలు, తవుడు కుమ్మరించకండి. ఆ కొవ్వు దూడ వచ్చే దారిలోనూ పేరుకుంటుంది.

ఇక అసలు పని. ఆబోతు మూపురం, ఒడ్డూ పొడుగూ చూసి దూడ ఎంత ఉంటుందో చెప్పలేం. చూడాల్సింది దాని దూడల్ని, అదీ తొలి ఈతలో పుట్టినవాటినే. మూడు ఈతలు ఈనిన ఆవు కాస్త పెద్ద దూడనైనా ఈనేస్తుంది. అలాంటి ఆవును చూపించి "మా ఆబోతు దూడలు సులువుగా వస్తాయి" అంటే నమ్మకండి.

కనీసం పది తొలి ఈతల గురించి వాకబు చేయాలి. పదికి తగ్గితే ఆ ఆబోతు జోలికి పోవద్దు. యజమానిని అడిగి లాభం లేదు, పెయ్యలున్న ఇళ్లకే వెళ్లండి. "సులువుగా ఈనిందా?" అంటే అందరూ ఔననే అంటారు. "ఎంతమంది లాగారు?" అని అడగండి. అదీ పాకలో పశువు దగ్గర కాపలా ఉన్న ఆడవాళ్లని. ఇంటాయన "సులువేనండీ" అంటుండగానే లోపలి నుంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది: "ముగ్గురు తాడేసి లాగితే గానీ రాలేదు కదండీ!"

లాగిన ప్రతిసారీ తప్పు ఆబోతుది కాదు. కాలు మడిచో, తల వెనక్కి తిప్పో వచ్చిన దూడను లాగక తప్పదు. ముందుకాళ్ల మీద తల ఆనించుకుని సరిగ్గా వచ్చిన దూడను కూడా లాగాల్సి వచ్చిందా, అది రాసుకోండి. అదే మాట మూడిళ్లలో వినిపిస్తే ఆ ఆబోతు పేరు కొట్టేయండి.

పుట్టిన రోజే దూడను గోనెసంచిలో పెట్టి తూయించగలిగితే ఇంకా మంచిది. ఒంగోలు దూడ మామూలుగా 25 నుంచి 30 కిలోలుంటుంది. తొలిచూలుకు 27 దాటనివ్వకూడదు. కోడెదూడలు కాస్త బరువెక్కువ కాబట్టి కోడెను కోడెతోనే పోల్చాలి. తల, జబ్బల వెడల్పు కూడా చూడండి, ఇరుక్కునేది అక్కడే.

ఆబోతును కట్టించకుండా చూడి ఇంజెక్షన్ చేయిస్తే, వీర్యం ఉండే సన్నటి గొట్టం (స్ట్రా) మీద ఉన్న ఆబోతు నంబరు రాసుకోండి. పెయ్య తండ్రి నంబరు అదే అయితే వద్దు. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చేయించాలి.

కొందరు భయపడి పుంగనూరు ఆబోతునో, జెర్సీ స్ట్రానో వాడమంటారు. దూడ చిన్నగానే వస్తుంది, కానీ ఒంగోలు ప్రదర్శనలో దాన్ని ఎవరు నిలబెట్టనిస్తారు? ఇంకొందరు చివరి మూడు నెలలు మేత తగ్గిస్తారు. అంతకంటే తెలివితక్కువ పని లేదు. నీరసించిన పెయ్యకు ఈనే సత్తువ ఉండదు, తర్వాత పాలూ ఉండవు.

ఉగాదికి అటూ ఇటూగా కట్టిస్తే సంక్రాంతి రోజుల్లో ఈనుతుంది. గోదావరి వరదల గొడవ ఉండదు, సార్వా వరిగడ్డి అప్పటికి ఇంటికి చేరి ఉంటుంది. ఉమ్మనీటి సంచి పగిలి గంటైనా దూడ ముందుకు రాకపోతే తాడు వెతక్కండి, డాక్టర్‌కి ఫోన్ చేయండి.