మ్యాగ్నమ్ తూటా కొనే ముందు బ్యారెల్ మీద అంకె చూడండి

హైదరాబాద్‌లో తాతల నాటి పన్నెండు బోర్ డబుల్ బ్యారెల్ ఇంకా లైసెన్సు మీద ఉన్న ఇళ్లు ఉన్నాయి. ఆ తుపాకీ చేతికొచ్చాక "మ్యాగ్నమ్ వేస్తే ఇంకా స్పీడుగా వెళ్తుందా?" అన్న డౌట్ రావడం మామూలే. వెళ్లదు. మ్యాగ్నమ్ అంటే స్పీడు కాదు, బరువు. మామూలు 70 మిల్లీమీటర్ల తూటాలో సీసం గుళ్లు 28 నుంచి 32 గ్రాములుంటే, 76 మిల్లీమీటర్ల మ్యాగ్నమ్‌లో 53 గ్రాముల దాకా పడతాయి, వేగం మాత్రం దాదాపు అంతే, ఒక్కోసారి కాస్త తక్కువే. భుజానికి తగిలే దెబ్బ మాత్రం బాగా పెరుగుతుంది.

ఇప్పుడు అసలు పని. తుపాకీ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, తెరిచి, బ్యారెల్ కింది వైపు చెక్కిన అంకెలు చదవండి. అవి ఛాంబర్, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది, పొడవును మిల్లీమీటర్లలో చెబుతాయి. పాత ఇంగ్లిష్ తుపాకులు చాలావరకు 65, అంటే రెండున్నర అంగుళాలు. తర్వాత వచ్చినవి 70, మ్యాగ్నమ్‌వి 76, అన్నిటికన్నా పొడుగువి 89. తూటా మీద ఉండే అంకె దీన్ని మించకూడదు, తక్కువైతే ఫర్వాలేదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. తూటా మీద రాసే పొడవు పేలి మూతి విచ్చుకున్నాక ఉండేది. మూతి మడిచి ఉన్నప్పుడు 76ది కూడా 70 ఛాంబర్‌లోకి హాయిగా దూరిపోతుంది, తుపాకీ మూసుకుంటుంది, అంతా సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. పేల్చాక మూతి విచ్చుకోవడానికి చోటుండదు, గుళ్లు ఇరుకులోంచి తోసుకుపోవాలి, ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. పట్టింది కదా అని పేల్చకండి.

70 పొడవులోనే మ్యాగ్నమ్ అని రాసినవీ దొరుకుతాయి, పొడవు సరిపోయినా పాత తుపాకీకి అవి వద్దు. బ్యారెల్ మీద మెలికల గీతలు కనిపిస్తే అది డమాస్కస్ రకం, పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) వాడిన రోజుల నాటిది. గోడకు తగిలించుకోండి, అంతే.

నిజానికి మ్యాగ్నమ్ ఇక్కడ ఎవరికి కావాలి? అది దూరంలో ఎగిరే బాతుల కోసం పుట్టిన సరుకు, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక సరదా వేట మాటే లేదు. గచ్చిబౌలి షూటింగ్ రేంజ్‌లో ట్రాప్, స్కీట్ (గాల్లోకి ఎగరేసిన మట్టి పళ్లేలను కొట్టే ఆటలు) ఆడాలంటే పోటీల్లో వాడేది 24 గ్రాముల తూటానే. పైగా బరువు లోడ్ల కోసం చేసిన కొన్ని సెమీ ఆటోమేటిక్‌లు (పేలగానే తర్వాతి తూటాను తామే ఎక్కించుకునే తుపాకులు) ఆ తేలిక తూటాతో సరిగ్గా పనిచేయవు, ఖాళీ తొడుగు మధ్యలో ఇరుక్కుంటుంది.

అంకె అరిగిపోయిందా, అంచనా వేయకండి. లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర ఛాంబర్ కొలిపించాకే తూటాలు కొనండి.