కొండకి అవతల ఉన్న కడప చివరికి దొరికింది

పన్నెండేళ్ల తర్వాత మళ్లీ హ్యామ్ రేడియో (సరదాకి లైసెన్స్‌తో నడుపుకునే రేడియో) సెట్ ఆన్ చేస్తే, తిరుపతిలో మా మిద్దె మీదికి 20 మీటర్ల బ్యాండ్‌లో (అంటే తరంగం పొడవు సుమారు అంత) యూరప్ వినిపిస్తోంది, కడప మాత్రం లేదు. కేబుల్ మార్చా, సెట్ మార్చా, 2 మీటర్ల బ్యాండ్‌లో శేషాచలం కొండలు అడ్డం, అన్నీ దండగే.

పనిచేసింది 40 మీటర్ల బ్యాండ్. ముందు 7.1 మెగాహెర్ట్జ్‌కి లెక్కేసి, ఒక్కో వైపు పది మీటర్ల పైచిలుకు రాగి తీగతో డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే, రెండు వైపులా తీగ ఉండే యాంటెనా) కట్టా. తర్వాత, ఎత్తు పెంచాలన్న పాత పట్టుదల మానేసి, నేల నుంచి ఆరు మీటర్లలోనే, బట్టలారేసే కడ్డీలకి లాగి బిగించా. కిందుంటేనే సిగ్నల్ నిలువుగా పైకెళ్లి, ఆకాశంలోని అయనోస్ఫియర్ పొర నుంచి వెనక్కి తిరిగి చుట్టుపక్కల జిల్లాల్లో దిగుతుంది. ఆఖరున రెండు చివర్లూ సమానంగా, వేలెడు వేలెడు కత్తిరిస్తూ పోతే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెనా సెట్‌కి ఎంత సరిపోయిందో చెప్పే కొలత, 1కి దగ్గరైతే మంచిది) సూది 3 నుంచి 1.4కి వచ్చింది. పొద్దున తొమ్మిదికి కడప, వెంటనే హైదరాబాద్!

మీ ఊళ్లో ఇలాగే కుదురుతుందని చెప్పలేను. చీకటి పడ్డాక నాకూ దగ్గరివాళ్లు మాయమవుతున్నారు, అప్పటికి 80 మీటర్ల బ్యాండ్ కావాలి, అంత తీగకి మా మిద్దె చాలదు.