పార్టీల హామీలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఇటలీ ఫైవ్ స్టార్ ఉద్యమం

మొదటి రెండు పాఠాల్లో ఒకే పని చేశాం. నాయకుడి ప్రసంగంలోంచి హామీని ఏరి పక్కన పెట్టడం. "అవినీతిని అంతం చేస్తాం" అన్నది కోరిక. "కోర్టులో శిక్ష పడినవాళ్లు పార్లమెంటుకు పోటీ చేయకూడదు" అన్నది హామీ. రెండోది అమలైందా లేదా అని ఐదేళ్ల తర్వాత నిలదీయొచ్చు. మొదటిదాన్ని నిలదీయడానికి అందులో పట్టుకునేది ఏమీ లేదు.

ఈ పాఠంలో తర్వాతి మెట్టు ఎక్కుదాం. ఏరిన ప్రతి హామీకీ రెండు ప్రశ్నలు వేయాలి. ఇది జరగాలంటే ఎవరు ఏం వదులుకోవాలి? జరిగిన తర్వాత దాన్ని ఎవరు, ఎంత తేలికగా తీసేయగలరు? నోటుబుక్కులో ఒక పేజీ ఈ రెండు ప్రశ్నలకీ కేటాయించండి. ఒక సూచన: మీ జవాబు ముందు రాసుకుని, ఫలితం తర్వాత చూడండి. ఫలితం తెలిశాక రాస్తే అందరం తెలివైనవాళ్లమే అవుతాం, నేర్చుకునేది మాత్రం ఉండదు.

ఉదాహరణగా ఇటలీలోని ఫైవ్ స్టార్ ఉద్యమాన్ని తీసుకున్నాను. 2009 అక్టోబరులో పుట్టి, 2018 జూన్ కల్లా ప్రభుత్వంలో కూర్చుంది. కొన్ని హామీలు నిలబెట్టుకుంది, కొన్నిటిని వదిలేసింది, మరికొన్నిటిని తర్వాతి ప్రభుత్వం చెరిపేసింది. మూడు రకాలూ ఒకే చోట దొరికే కథ ఇది.

ముందు కోపం ఎక్కడిదో చూడాలి

హామీని విడిగా చదివితే సగమే అర్థమవుతుంది. దాని వెనక ఉన్న కోపం కూడా తెలియాలి.

ఉద్యమం స్థాపకుడు బెప్పె గ్రిల్లో జెనోవా నగరానికి చెందిన హాస్యనటుడు. 1986లో ప్రభుత్వ టీవీలో, అప్పటి ప్రధాని బెట్టినో క్రాక్సి పార్టీ అయిన సోషలిస్టుల మీద ఒక జోకు వేశాడు. ఆ తర్వాత టీవీలో అతనికి చోటు దాదాపు లేకుండా పోయింది. థియేటర్లు తిరిగాడు. పెద్ద కంపెనీల మీద, పర్యావరణం మీద, రాజకీయ నాయకుల మీద గంటల తరబడి మాట్లాడే ప్రదర్శనలు ఇచ్చాడు. 2005లో జాన్‌రొబెర్తో కజలెజ్జో అనే ఇంటర్నెట్ వ్యూహకర్తతో కలిసి బ్లాగు మొదలుపెట్టాడు. కొద్దికాలంలోనే అది ఇటలీలో ఎక్కువ మంది చదివే బ్లాగుల్లో ఒకటైంది.

2007 సెప్టెంబరు 8న బొలోన్యా నగరం నడిబొడ్డున, మరెన్నో ఊళ్లలో జనం పోగై ఒక బిల్లు కోసం సంతకాలు చేశారు. బిల్లులో మూడు డిమాండ్లు ఉన్నాయి. శిక్ష పడినవాళ్లు పార్లమెంటులో ఉండకూడదు. ఎవరూ రెండు సార్లకు మించి ఎన్నిక కాకూడదు. అభ్యర్థిని ఓటరే నేరుగా ఎంచుకోవాలి. ఈ మూడోదాన్ని గమనించండి. 2005లో తెచ్చిన ఎన్నికల చట్టం ప్రకారం అప్పట్లో ఓటరు పార్టీ గుర్తు మీద మాత్రమే ముద్ర వేయాల్సి వచ్చేది. జాబితాలో ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అన్నది పార్టీ పెద్దలే తేల్చేవాళ్లు. అంటే తన ఊరి ప్రతినిధిని ఓడించే అధికారం కూడా ఓటరు చేతిలో లేదు. ఆ కోపం గాలిలోంచి పుట్టలేదు, దానికి స్పష్టమైన చిరునామా ఉంది.

ఆ తర్వాత 2011 చివర్లో అప్పుల సంక్షోభం ముదిరి ప్రధాని బెర్లుస్కోనీ రాజీనామా చేశాడు. ఎన్నికలు లేకుండానే ఆర్థికవేత్త మారియో మోంటి ప్రధాని అయ్యాడు. పింఛను వయసు పెరిగింది, సొంతింటి మీద పన్ను పడింది. కుడివైపు పెద్ద పార్టీ, ఎడమవైపు పెద్ద పార్టీ రెండూ ఆ ప్రభుత్వాన్ని బలపరిచాయి. మరి నచ్చని ఓటరు ఎటు పోవాలి? 2012 మేలో పర్మా నగర మేయరు పదవిని ఈ కొత్త ఉద్యమం గెలిచింది. 2013 ఫిబ్రవరిలో మొదటిసారి పార్లమెంటుకు పోటీ చేసి దిగువ సభలో 25 శాతం పైగా ఓట్లు తెచ్చుకుంది. వీళ్లను తిట్ల పార్టీ అని కొట్టిపారేసిన విశ్లేషకులు ఈ నేపథ్యాన్ని సరిగ్గా చదవలేదని నా అభిప్రాయం. గ్రిల్లో వేదిక మీద తిట్లు నిజంగానే ఎక్కువ. కానీ కోట్ల మంది ఓట్లేసింది తిట్ల కోసం కాదు.

మొదటి ప్రశ్న: ఎవరు ఏం వదులుకోవాలి?

తేలికైనదానితో మొదలుపెడదాం. మా ఎంపీలు జీతంలో కొంత భాగం వెనక్కి ఇచ్చేస్తారని ఉద్యమం చెప్పింది. వదులుకోవాల్సింది ఎవరు? వాళ్ల సొంత ఎంపీలే. ఇంకెవరి అనుమతీ అక్కర్లేదు. అందుకే అది మొదటి నెలల నుంచే అమలైంది. ఆ డబ్బు చిన్న వ్యాపారాలకు రుణాలిచ్చే నిధికి వెళ్లింది, 2018 నాటికి 2 కోట్ల యూరోలు దాటింది. అయితే ఆ ఏడాది ఎన్నికల ముందు, కొందరు ఎంపీలు కట్టినట్టు చూపించి కట్టలేదని బయటపడింది. సొంత జేబు హామీని కూడా లెక్క చూసేవాళ్లు ఉంటేనే నమ్మొచ్చు.

ఎవరూ రెండు సార్లకు మించి పోటీ చేయకూడదని ఉద్యమం తనవాళ్లకు పెట్టుకున్న నియమం కూడా ఇలాంటిదే, కానీ దీని బరువు వేరు. జీతంలో కోత పడితే మనిషి సర్దుకుంటాడు, పదవి పోతే సర్దుకోవడం కష్టం. మునిసిపల్ కౌన్సిల్‌లో గడిపిన మొదటి పదవీకాలాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదని 2019లో ఒక సడలింపు వచ్చింది. అయినా 2022 ఎన్నికల్లో నియమాన్ని పట్టుకునే ఉన్నారు. దిగువ సభ అధ్యక్షుడుగా ఉన్న రొబెర్తో ఫీకో లాంటి పేరున్న నాయకులకు కూడా టికెట్ దక్కలేదు. ఇది నిజాయితీ, ఒప్పుకుని తీరాలి. దానికి చెల్లించిన ధర కూడా ఉంది: పదేళ్లు పని నేర్చుకున్నవాళ్లంతా ఒకేసారి ఇంటికి వెళ్లారు. 2024 చివర్లో సభ్యులు ఓటేసి ఈ నియమాన్ని మార్చాలని తేల్చారు. అదే ఓటింగులో గ్రిల్లోకి ఉన్న జీవితకాల సంరక్షకుడి పదవిని రద్దు చేశారు. స్థాపకుడినే పక్కన పెట్టేశారు.

ఇక బయటివాళ్లు వదులుకోవాల్సినవి. ఉద్యమం పేరులోని ఐదు నక్షత్రాలు దాని ఐదు లక్ష్యాలకు గుర్తు, వాటిలో మొదటిది నీళ్లు. నీటి సరఫరా ప్రజల చేతుల్లోనే ఉండాలన్నది హామీ. 2011 జూన్ రెఫరెండంలో (జనమే నేరుగా అవును, కాదు అని తేల్చే ఓటింగు) ఓటేసినవాళ్లలో 95 శాతం ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా నిలిచారు, కాబట్టి జనం మద్దతు గురించి అనుమానం లేదు. వదులుకోవాల్సింది ఎవరు? లైసెన్సులు చేతిలో ఉన్న కంపెనీలు, వాటిలో వాటాలున్న పెద్ద నగరాల పాలక సంస్థలు. 2018 తర్వాత ఉద్యమం ఎంపీలు బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు.

దక్షిణ ఇటలీలోని పూల్యా ప్రాంతంలో ఇది ఇంకా చేదుగా జరిగింది. అజర్‌బైజాన్ నుంచి వచ్చే గ్యాస్ పైపులైను మెలెందున్యో దగ్గర ఒడ్డుకు చేరుతుంది. అక్కడి జనం ఆలివ్ చెట్ల కోసం, తీరం కోసం ఏళ్ల తరబడి పోరాడారు. ఉద్యమం వాళ్లతో నిలబడి, అధికారంలోకి వస్తే ఆపేస్తామంది. 2018 అక్టోబరులో, ఆపితే కట్టాల్సిన పరిహారం భరించలేనిదని చెప్పి పని సాగనిచ్చింది. ఈ హామీ ఇచ్చిన రోజునే ఎవరైనా ఆ ఒప్పందంలో ఏముందని అడిగి ఉంటే బాగుండేది. మీరు మాత్రం అడగండి. సంతకాలైపోయిన ఒప్పందానికి అడ్డం తిరిగే హామీ ఎక్కడ కనిపించినా పక్కన ఒక గుర్తు పెట్టుకోండి.

ఎవరితోనూ పొత్తు ఉండదన్న మాట సంగతి చూడండి. 2013లో నిలబెట్టుకున్నారు. 2018లో 32 శాతం దాటి అతిపెద్ద పార్టీ అయ్యాక, మత్తెయో సల్వీని నడిపే కుడివైపు పార్టీ లేగాతో "ఒప్పందం" రాసుకుని ప్రభుత్వంలోకి వెళ్లారు. 2019 సెప్టెంబరులో, అప్పటిదాకా తిట్టిన ఎడమవైపు డెమొక్రాటిక్ పార్టీతో కలిశారు. 2021 ఫిబ్రవరిలో కొత్త ప్రధాని మారియో ద్రాగి నాయకత్వంలో దాదాపు అందరితోనూ కలిశారు. మూడుసార్లూ ఆన్‌లైన్‌లో సభ్యుల ఓటు తీసుకున్నారు, మూడుసార్లూ అవుననే వచ్చింది. మొదటిసారి 94 శాతం, రెండోసారి 79, మూడోసారి 59. ఈ మూడు అంకెల్ని నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసుకోండి. ఇక్కడ వదులుకోవాల్సింది అధికారం. సొంత మెజారిటీ లేని పార్టీ ఒంటరిగా ఉంటానంటే, ప్రతిపక్షంలోనే ఉంటానని కూడా చెబుతున్నట్టే.

రెండో ప్రశ్న: ఎవరు తీసేయగలరు?

ఉద్యమం చేసిన పెద్ద పనులు రెండు. అవి ఎంత వేరువేరుగా ముగిశాయో చూస్తే ఈ ప్రశ్న విలువ తెలుస్తుంది.

మొదటిది పౌర ఆదాయం, అంటే పేదలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు. దక్షిణ ఇటలీ మొత్తం ఈ ఒక్క హామీ చుట్టూ తిరిగిందని చెప్పొచ్చు. కంపానియాలో, సిసిలీలో 2018లో దాదాపు సగం ఓట్లు ఉద్యమానికే పడ్డాయి. 2018 సెప్టెంబరులో బడ్జెట్ లెక్క తేలిన రాత్రి, ఉపప్రధాని లుయిజి ది మాయో, మిగతా మంత్రులు ప్రధాని కార్యాలయం బాల్కనీలోకి వచ్చి సంబరం చేసుకున్నారు. ఈ బడ్జెట్‌తో పేదరికం రద్దవుతుందని ఆయన ప్రకటించాడు. మొదటి పాఠం గుర్తుంటే, ఇది కోరిక. హామీ వేరే ఉంది: అద్దె ఇంట్లో ఒంటరిగా ఉంటున్న పేదవాడికి నెలకు గరిష్ఠంగా 780 యూరోలు, దానికి బదులు అతను ఉపాధి కేంద్రంలో పేరు నమోదు చేసుకుని పని వెతుక్కోవాలి.

2019 ఏప్రిల్ నుంచి డబ్బు అందింది. పది లక్షలకు పైగా కుటుంబాలకు చేరింది. కరోనా ఏడాదిలో ఎంతో మందికి అదే ఆధారం. పని చూపించే భాగం మాత్రం నడవలేదు, ఉపాధి కేంద్రాలకు ఆ శక్తి లేదు, దక్షిణాదిలో చూపించడానికి పనులూ అంతగా లేవు. వదులుకోవాల్సింది ఖజానా. ఏటా 7 బిలియన్ యూరోలకు పైనే. అప్పటికే అప్పు మోస్తున్న దేశం కాబట్టి సభ్యదేశాల బడ్జెట్లను పరిశీలించే యూరోపియన్ కమిషన్ ఆ బడ్జెట్ ముసాయిదాను వెనక్కి పంపింది, లోటు లక్ష్యాన్ని జీడీపీలో 2.4 శాతం నుంచి 2.04కి తగ్గించాక కానీ ఒప్పుకోలేదు.

తీసేయడం ఎంత తేలిక? మామూలు చట్టం చాలు. జార్జియా మెలోనీ ప్రభుత్వం 2022 చివర్లో తెచ్చిన బడ్జెట్ చట్టంతో దాన్ని తగ్గించి, ముగింపు తేదీ పెట్టింది. 2023 జులైలో 1,69,000 కుటుంబాలకు ఫోన్లో ఒక ఎస్ఎంఎస్ వచ్చింది, మీకు ఇచ్చేది ఆగిపోయిందని. 2024 నుంచి దాని స్థానంలో పిల్లలు, వృద్ధులు, వికలాంగులు ఉన్న ఇళ్లకే వర్తించే ఇంకో పథకం వచ్చింది. పేద మనిషికి అందిన భరోసాను అలా ఒక మెసేజ్‌తో తెంచేయడం క్రూరం అనే నేను అనుకుంటాను. పథకంలో లోపాలు లేవని కాదు.

రెండోది పార్లమెంటు సైజు. దిగువ సభను 630 నుంచి 400కి, సెనేట్‌ను 315 నుంచి 200కి తగ్గించారు. ఎంపీలే తమ కుర్చీలు తగ్గించుకోవాలి కదా, ఎలా జరిగింది? నాయకుల మీద జనానికి ఉన్న కోపం ముందు ఏ పార్టీ గట్టిగా వద్దనలేకపోయింది. ఇది రాజ్యాంగ సవరణ కాబట్టి రెండు సభలూ రెండేసి సార్లు ఓటేయాలి. సెనేట్‌లో రెండో విడత మూడింట రెండు వంతుల మద్దతు రాలేదు కాబట్టి, కొందరు సెనేటర్లు కోరి రెఫరెండం పెట్టించుకున్నారు. 2020 సెప్టెంబరులో దాదాపు 70 శాతం అవునన్నారు. ఇప్పుడు దాన్ని వెనక్కి తిప్పాలంటే మళ్లీ రాజ్యాంగ సవరణే కావాలి.

పక్కపక్కన పెట్టి చూడండి. లక్షల ఇళ్లలో పొయ్యి వెలిగించిన పథకం ఒక బడ్జెట్‌తో పోయింది. ఎవరి ఇంట్లోనూ ఏమీ మార్చని కుర్చీల తగ్గింపు నిలబడిపోయింది. ఓటరుకు ఏది ముఖ్యమో, చట్టంలో ఏది గట్టిగా దిగిందో ఒకటే కానక్కర్లేదు. సుపరిపాలన అంటూ వచ్చే ఏ ఉద్యమాన్నైనా ఈ కొలతతో చూడమని నా సలహా.

అభ్యాసం

మొదటిది: 2020 మేలో, ఇదే ఉద్యమం ముందుకు తెచ్చిన ప్రధాని జుసెప్పె కోంతే హయాంలో ఇళ్ల మరమ్మతుకు ఒక పథకం వచ్చింది. ఇంటిని వేడి, చలి తట్టుకునేలా మార్చుకుంటే ఖర్చులో 110 శాతం పన్ను మినహాయింపుగా తిరిగొచ్చేది. ఆ మినహాయింపును బ్యాంకుకో, కాంట్రాక్టరుకో అమ్ముకునే వీలు కూడా ఉండేది. కొన్నేళ్లలో ఖర్చు 100 బిలియన్ యూరోలు దాటింది. మొదట్లో నష్టపోయేవాడు ఎవడూ కనిపించని హామీ ఇది. మన రెండు ప్రశ్నలూ దీనికి వేసి పది వాక్యాలు రాయండి. ఖర్చులో వంద శాతానికి మించి తిరిగొస్తే, బేరమాడాల్సిన అవసరం ఇంటి యజమానికి ఎంతవరకు ఉంటుందో కూడా ఆలోచించండి. ఆ తర్వాతే 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఏ భాగాన్ని ఆపిందో వెతికి చూసుకోండి.

రెండోది: మీరు ఓటేసే చోట, గత ఎన్నికల మేనిఫెస్టోల్లోంచి మూడు హామీలు తీసుకోండి. ఒకటి నాయకుల సొంత జేబుకు సంబంధించినది, ఒకటి ఖజానాకు, ఒకటి ఏదో ఒప్పందానికో కంపెనీకో అడ్డం తిరిగేది అయి ఉండాలి. మీకు నచ్చిన పార్టీ నుంచి కనీసం ఒకటి ఉండాలి. ఈ మూడూ ఏ పద్ధతిలో వచ్చాయో, అంటే జీవోతోనా, చట్టంతోనా, బడ్జెట్ కేటాయింపుతోనా అన్నది ప్రతిదాని పక్కనా రాయండి.

నాలుగో పాఠంలో ఓట్ల వైపు వెళదాం. 2018లో 32 శాతం దాటిన ఉద్యమం 2022లో 15 దగ్గరికి వచ్చింది, కానీ దక్షిణాదిలో చాలాచోట్ల బలంగానే ఉంది. ఉద్యమాన్ని వదిలి సొంత పార్టీ పెట్టుకున్న ది మాయో, నేపుల్స్‌లో తన పాత పార్టీ అభ్యర్థి చేతిలోనే ఓడిపోయాడు. పోయిన ఓట్లు ఎటు పోయాయి, ఉన్న ఓట్లు ఎందుకు ఉన్నాయి అన్నది ఎన్నికల పటం ముందు పెట్టుకుని చదవడం నేర్చుకుందాం. ఇటలీ ప్రాంతాల పటం ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.