ఇంట్లోనే బెజ్జాల పని బల్ల: కొలతంతా ఒకే అంచు నుంచి

పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇంటి వెనక వసారాలో చెక్కపని చేసుకునే వాళ్లుంటే ఇది మీకే. పని బల్ల మీదికి బెజ్జాల పలక (చెక్క కదలకుండా ఆపే చీలలు గుచ్చుకునేందుకు వరసగా బెజ్జాలున్న పలక) రెడీమేడ్‌ది కొనక్కర్లేదు, 18 ఎం.ఎం. ఎండీఎఫ్ షీటు (చెక్క నారను జిగురుతో నొక్కి చేసిన పలక), 20 ఎం.ఎం. ఫోర్‌స్ట్‌నర్ బిట్టు (నున్నగా గుండ్రటి బెజ్జం వేసే డ్రిల్లు బిట్టు), మంచి మూలమట్టం ఉంటే చాలు. బెజ్జాల మధ్య దూరం 96 ఎం.ఎం. పెట్టండి.

అసలు కిటుకంతా కొలతలోనే ఉంది. ఒక బెజ్జం నుంచి పక్కదానికి కొలుచుకుంటూ పోతే అర ఎం.ఎం. తేడాలే పోగై చివరికి వరస మొత్తం వంకరపోతుంది, అందుకని 96, 192, 288, 384 అంటూ ప్రతి గీతా ఒకే అంచు నుంచి గీయండి, అదీ పెన్సిల్‌తో కాదు, పదునైన చాకుతో, ఎందుకంటే గీతలు కలిసే చోట బిట్టు ముల్లు దానంతటదే కూర్చుంటుంది. మూల సరిగ్గా లంబంగా ఉందో చూడాలంటే ఒక పక్క 3 గడులు (288), ఇంకో పక్క 4 గడులు (384) లెక్కపెట్టి ఐమూలగా కొలవండి. సరిగ్గా 480 రావాలి.

డ్రిల్లు స్టాండులో బిగిస్తే నిటారుగా దిగుతుంది, ఉత్త చేతులతో అయితే నేను నమ్మను. అడుగున పాత చెక్క కట్టి తొలవండి, లేదంటే కింది అంచు పెచ్చులూడుతుంది.

మన వైపు వానల సంగతి తెలుసుగా, ఎండీఎఫ్ తేమ పీల్చి అటుకుల్లా ఉబ్బుతుంది. బెజ్జాల లోపల కూడా సీలర్ పట్టించండి, పలచగానే, దట్టంగా వేస్తే చీల దిగదు.