ఎకరం వరి డబ్బు ఎవరింటికి ఎంత చేరుతుందో లెక్క కట్టడం ఎలా?

మా కోనసీమ ఊళ్లో డ్వాక్రా సంఘం పుస్తకాలు పన్నెండేళ్లుగా నేనే రాస్తున్నాను. వాయిదా ఎందుకు కట్టలేదని అడిగితే కౌలుకు చేసే ఇళ్ల ఆడవాళ్లు చెప్పేది ఒక్కటే: "ఏం మిగల్లేదమ్మా." ఎందుకు మిగలదో తెలియాలంటే ఒక్క ఎకరం, ఒక్క పంట తీసుకుని కాగితం మీద పెట్టండి.

ముందు రూపాయలు కాదు, బస్తాలు రాయండి. మా పక్కింటి వదిన వాళ్లు 2024 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కౌలుకు చేసిన ఎకరమే చూద్దాం. 75 కిలోల బస్తాలు 30 అయ్యాయి. కౌలు 12 బస్తాలు. ఆ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,300, అంటే బస్తా 1,725. మొత్తం పంట 51,750 రూపాయలు. అందులో 20,700 కళ్లంలోనే ఆసామికి, అంటే భూమి యజమానికి, కౌలుగా వెళ్లిపోయింది.

తర్వాత దమ్ము, ఊడ్పు, ఎరువు, పురుగుమందు, కోత మెషీన్ ఖర్చు. వాళ్లకి 26,000 అయింది. అన్నయ్య నీళ్లు పెట్టిన రోజులు, వదిన కలుపు తీసిన రోజులు ఇందులో లేవు. వాటిని పక్కన విడిగా రాయండి. ఇద్దరివీ కలిపితే 40 రోజులు తేలాయి.

ఇక వడ్డీ. దీన్ని మాత్రం తొందరపడకుండా రాయండి. ఆ 26,000 నూటికి రెండు రూపాయల చొప్పున బయట తెచ్చారు. ఆరు నెలలకు 3,120. అదే పొలం సొంత పేరు మీద ఉండి, బ్యాంకులో పంట రుణం తీసుకుని గడువులోగా కడితే ఏడాదికి 4 శాతమే, అంటే 520 రూపాయలు. కాలవ నీళ్లు అవే, విత్తనం అదే. పట్టాదారు పాస్‌బుక్కులో పేరు లేనందుకు ఆరు రెట్లు వడ్డీ! పీఎం కిసాన్ కింద ఏటా వచ్చే 6,000 కూడా భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే.

అన్నీ తీసేస్తే వదిన వాళ్లకి మిగిలింది 1,930. దాన్ని 40 రోజులకు పంచండి. రోజుకు 48 రూపాయలు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 300. ఆసామే స్వయంగా సాగు చేసుకుంటే, కౌలు లేదు, వడ్డీ బ్యాంకుదే కాబట్టి, అదే ఎకరం మీద 25,230 మిగిలేది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్క చేతిలో ఉన్నప్పుడే కౌలుదారులకిచ్చే సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్సీ కార్డు, కోసం వెళ్లండి. 2011 చట్టం కింద అప్పట్లో ఇచ్చిన రుణ అర్హత కార్డుకు ఆసామి సంతకం అక్కర్లేకపోయేది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టంలో ఆ సంతకం తప్పనిసరి, చిక్కంతా అక్కడే. కార్డు వస్తే బ్యాంకు అప్పు ఖాయమని చెప్పను, కానీ అడగడానికి చేతిలో ఒక ఆధారం ఉంటుంది. కార్డు 11 నెలలే చెల్లుతుందనీ, దానివల్ల కౌలుదారుకు భూమి మీద హక్కు రాదనీ ఆసామికి ముందే చెప్పండి. వీఆర్వో గారిని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. వదిన వాళ్ల ఆసామి రెండుసార్లు కుదరదన్నారు. మూడోసారి నేనూ వెళ్లి ఈ కాగితం ముందు పెట్టాను. వడ్డీ వరస దగ్గర ఆగి రెండుసార్లు చదివారు. ఆదివారం రమ్మన్నారు.