గ్రాఫ్‌లో పెట్టిన పాట వరుస తప్పకుండా తిరిగి రావాలంటే

ఆరు చరణాల పాటనొకదాన్ని ఆర్డీఎఫ్‌లోకి (సమాచారాన్ని చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టి, ఒకదానికొకటి కలిపిన గ్రాఫ్‌గా దాచే పద్ధతి) ఎక్కించి మళ్లీ బయటికి తీస్తే నాలుగో చరణంతో మొదలైంది. ప్రతి చరణం తర్వాత రావాల్సిన పల్లవి మొత్తం మీద ఒక్కసారే వచ్చింది. డేటాబేస్‌ను అరగంట తిట్టుకున్నాక అర్థమైంది, దాని తప్పేమీ లేదని. ఆర్డీఎఫ్‌ను రాసే టర్టిల్ అనే రూపంలో నేను రాసింది ఇలా ఉంది (‘:’ ముందు ఏ చిరునామా ఉందో చెప్పే ప్రిఫిక్స్ లైన్ పైన ఉందనుకోండి, టర్టిల్‌లో పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు, నాకు అదో సరదా):

:పాట1 :పాదం "గాలి కదిలింది", "తలుపు తెరిచాను", "గాలి కదిలింది" .

కంటికి మూడు పాదాలు. గ్రాఫ్‌లో మాత్రం రెండే ట్రిపుల్స్ (ట్రిపుల్ అంటే దేని గురించి, ఏ సంబంధం, ఏ విలువ అనే మూడు ముక్కల వాక్యం). ఆర్డీఎఫ్ గ్రాఫ్ అంటే ట్రిపుల్స్ సమితి, లెక్కల క్లాసులో చదువుకున్న సమితే. అందులో ముందూ వెనకా ఉండవు, ఒకే మూలకాన్ని రెండుసార్లు వేసినా ఒకటే. ఫైల్లో ఏది పైన రాశాం, ఏది కింద రాశాం అన్నది లోడ్ అవగానే పోతుంది. ఆర్డీఎఫ్‌నే జేసన్ రూపంలో రాసే జేసన్-ఎల్‌డీలోనూ ఇదే తంతు: మామూలు యారే రాస్తే వరుస నిలవదు, అది లిస్ట్ అని విడిగా చెప్పాలి.

కాబట్టి వరుస కావాలంటే దాన్నీ డేటాగా రాయాల్సిందే. ఎలా అన్నదే ప్రశ్న.

అందరూ మొదట చూపించేది ఆర్డీఎఫ్ లిస్ట్. టర్టిల్‌లో బ్రాకెట్లు పెడితే చాలు:

:పాట1 :పాదాలు ( "గాలి కదిలింది" "తలుపు తెరిచాను" "గాలి కదిలింది" ) .

చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పల్లవి కూడా రెండుసార్లు నిలుస్తుంది. లోపల మాత్రం ఒక్కో పాదానికీ ఒక పేరులేని నోడ్ (గ్రాఫ్‌లో ఒక బిందువు), దానికి ‘ఫస్ట్’, ‘రెస్ట్’ అని రెండు ట్రిపుల్స్. రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి, చివర ‘నిల్’ వస్తుంది. అక్కడితో జాబితా అయిపోయిందని ఖాయంగా చెప్పగలగడం దీని గొప్ప. మధ్యలో ఒక పాదం తీసేయాలంటేనే చిక్కు: ముందు పెట్టె కొక్కెం విప్పి వెనక పెట్టెకు తగిలించాలి, ఆ పెట్టెలకేమో పేర్లుండవు. ‘ఐదో పాదం ఇవ్వు’ అని ఆర్డీఎఫ్‌ను ప్రశ్నలడిగే భాష స్పార్కెల్‌ను అడగాలంటే మధ్యలో ఎన్ని నోడ్లున్నాయో లెక్కపెట్టించాలి. ఒకసారి రాసి ఇక ముట్టుకోని చిన్న జాబితాలకు బ్రాకెట్లు వాడండి. దిద్దుతూ ఉండే పాఠానికి వద్దు.

ఆర్డీఎఫ్ సీక్వెన్స్ అని ఇంకోటి ఉంది. అందులో నంబరు ప్రాపర్టీ (ట్రిపుల్‌లోని మధ్య ముక్క) పేరులోనే దాక్కుంటుంది. దాన్ని స్ట్రింగ్‌గా బయటికి లాగి, అంకెగా మార్చి, అప్పుడు వరుసలో పెట్టుకోవాలి. నేను వాడటం మానేశాను.

నాకు పనికొచ్చిన పద్ధతి ఇది:

:పాట1 :చోటు :చో1, :చో2, :చో3 .
:చో1 :వరుస 10 ; :పాదం :పల్లవి .
:చో2 :వరుస 20 ; :పాదం :పా2 .
:చో3 :వరుస 30 ; :పాదం :పల్లవి .
:పల్లవి :పాఠం "గాలి కదిలింది" .
:పా2 :పాఠం "తలుపు తెరిచాను" .

నంబరు పాదానిది కాదు, చోటుది. మొదట్లో నేను నంబరును నేరుగా పాదానికే తగిలించాను. అదే పాట ఇంకో ప్రతి దొరికి, రెండు గ్రాఫులనూ కలిపేసరికి ఒకే పాదానికి 20, 40 రెండూ వచ్చి కూర్చున్నాయి. ఏది ఏ ప్రతిదో చెప్పడానికి దారి లేదు. మధ్యలో చోటు అనే నోడ్ ఉంటే ఒక్క పల్లవి ఎన్నిసార్లయినా, ఎన్ని ప్రతుల్లోనైనా కూర్చుంటుంది. వెబ్‌పేజీల డేటాకు ఉమ్మడి పదజాలమైన స్కీమా డాట్ ఆర్గ్‌లోని లిస్ట్ ఐటెమ్‌దీ ఇదే అమరిక, ‘పొజిషన్’ ఒకటి, ‘ఐటెమ్’ ఒకటి.

పదేసి ఎందుకంటే, తర్వాత ఒక పాదం దొరికితే 15 అని దూర్చేయొచ్చు. అంకెలకు కొటేషన్లు మాత్రం పెట్టకండి. పెడితే అవి స్ట్రింగులై 10 తర్వాత 100, ఆ తర్వాతే 20 వస్తాయి. స్ప్రెడ్‌షీట్ నుంచి దింపిన డేటాలో ఈ దెబ్బ నేను రెండుసార్లు తిన్నాను. ఇక చదివేటప్పుడు స్పార్కెల్‌లో ఆ నంబరు మీద ‘ఆర్డర్ బై’ రాయాలి. రాయకుండానే వరుసగా వచ్చిందంటే అది ఆ రోజు మీ అదృష్టం.

పాదం లోపలికి వెళ్లి మాటమాటకూ నోడ్లు చేయాలన్న సరదా కూడా పుడుతుంది. చేయకండి. పాఠం మొత్తాన్ని ఒకే లిటరల్‌గా (కొటేషన్లలో నేరుగా రాసిన విలువగా) ఉంచి, కావాల్సిన మాటను మొదలు, ముగింపు స్థానాలతో చూపించండి. 2017లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఖాయం చేసిన, పాఠాలకు వ్యాఖ్యలు తగిలించే వెబ్ అనోటేషన్ నమూనాలో దీనికి ఏర్పాటుంది. లెక్క సున్నాతో మొదలవుతుంది, ముగింపు స్థానంలోని అక్షరం లెక్కలోకి రాదు. తెలుగులో ఒక మెలిక ఉంది: లెక్కించేది మన కంటికి కనిపించే అక్షరాలను కాదు, యూనికోడ్ కోడ్ పాయింట్లను (హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు, ఒక్కోదానికీ ఒకటి). ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, అక్కడ ఆరు. ‘గాలి కదిలింది’లో ‘కదిలింది’ అన్న మాట 5 దగ్గర మొదలై 13 దగ్గర ముగుస్తుంది. వేళ్లమీద లెక్కపెడితే 3 నుంచి 7 అనుకుంటాం. స్థానాలతోపాటు ఆ మాటను కూడా రాసి పెట్టుకోండి, ముందు ఎక్కడో ఒక్క కామా చేర్చినా అంకెలన్నీ జరిగిపోతాయి.

అంతా అయ్యాక నేను చేసే పరీక్ష ఒకటుంది. గ్రాఫ్‌ను ఎన్-ట్రిపుల్స్‌గా, లైనుకో ట్రిపుల్ చొప్పున దింపుతాను. ఆ లైన్లను పేకముక్కల్లా కలిపేసి ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, పాటను బయటికి తీసి అసలు ప్రతితో పోలుస్తాను. ఒక్క పాదం అటూ ఇటూ అయినా, వరుస ఇంకా ఎక్కడో ఫైల్‌నే నమ్ముకుని ఉన్నట్టు.